ముందు వరస ముఖం

ఏలూరు శివారులోని ఆ చర్చిలో పౌడరు మేకప్పు కిందికి రాదు. లిప్‌స్టిక్ పాపం, గోళ్లరంగు లోకాశ, కాటుక కాస్త అనుమానం. పౌడరు మాత్రం శుభ్రత. ఆదివారం పొద్దున తెల్లచీరలు కట్టుకొచ్చే ఆడవాళ్ల ముఖాల మీద ఆ శుభ్రత అట్టలు కట్టి ఉంటుంది. మెడ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. గీత పైన ఒక మనిషి, గీత కింద ఇంకో మనిషి. ఆ గీత ఎవరికీ కనపడదని వాళ్ల ధైర్యం కాబోలు.

ఆ చర్చిలోనే హెప్సిబా పాడుతుంది. పెదపాడు వైపు ఒక బళ్లో టీచరు. వయసు యాభైకి దగ్గరపడింది. ఏళ్ల తరబడి చేపల చెరువుల గట్ల మీద స్కూటీ తోలి తోలి, నీళ్ల మీంచి కొట్టే ఎండకి రెండు బుగ్గలకూ మంగు పట్టింది. అసలు రంగు కూడా నలుపే. దానికి ఆవిడ ఏనాడూ బాధపడలేదు, ఎందుకంటే ఆవిడకి గొంతుంది. స్త్రీల బృందంలో ముందు వరసలో నడుమ నిలబడి పాట ఎత్తుకునేది ఆవిడే.

పాస్టరు గారి భార్య పెర్సిస్ అమ్మగారు ఆరాధనని సెల్‌ఫోన్లో లైవ్ పెట్టించడం మొదలుపెట్టాక ఆ చోటుకి ముప్పు వచ్చింది.

"ముందు వరస కాస్త కళగా ఉండాలండీ. మీరు వెనకాల నిలబడండి హెప్సిబా గారూ. గొంతు ఎక్కణ్ణించైనా వినపడుద్ది కదండీ," అంది అమ్మగారు, వెన్న రాసినంత మెత్తగా. "ఆ మంగు కెమెరాలో మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుందండి. దాని గురించి ఉపవాస ప్రార్థనలో పెడదాం."

హెప్సిబా చోటులోకి తెల్లగా బొద్దుగా ఉన్న ఒక కొత్త కోడలు వచ్చింది. ఆ పిల్లకీ శ్రుతికీ ముఖపరిచయం కూడా లేదు. హెప్సిబా వెనక స్తంభం పక్కన నిలబడి పాడుతుంటే, ముందున్న పిల్ల పెదాలాడించేది. లైవ్ చూసినవాళ్లు ఆ పిల్ల ఎంత బాగా పాడిందో అని మెచ్చుకున్నారట. అది విన్న రోజు హెప్సిబా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తన చోటు తనకి కావాలి, అంతే.

ముందు పౌడరుతోనే ప్రయత్నించింది. నుదుటి ముడతల్లోనూ, కళ్ల కింద గీతల్లోనూ అది తెల్లగా పేరుకుపోయింది. భర్త మత్తయి చూసి, "ఏంటి, పిండిమర నుంచి వస్తున్నావా?" అన్నాడు. కడిగేసుకుంది.

ఏలూరులో కొంటే ఆవిడ కొట్టు దిగేలోపే కబురు చర్చికి చేరుతుంది. అందుకని బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లింది. అక్కడి ఫ్యాన్సీ కొట్లో అమ్మాయి ఆవిడ ముఖం వంక కూడా సరిగ్గా చూడకుండా పాలమీగడ రంగు క్రీము సీసా తీసింది. "ఇది రాస్తే బాగా ఫెయిర్‌గా కనపడతారండి."

"నాకు ఫెయిర్ వద్దమ్మా. నా రంగు కావాలి."

"మీ రంగు ఎవరూ అడగరండి. లోపలెక్కడో ఉంటాది." తెల్లరంగే అడిగి అడిగి జనం నల్లసీసాల్ని బీరువా అట్టడుక్కి తోసేశారన్నమాట. మూడొంతుల ఊరు ఏ రంగో ఆ రంగుకి కొట్లో దిక్కు లేదు.

హెప్సిబా కదల్లేదు. ఆ అమ్మాయి వెతికి తెచ్చిన సీసాల్లోంచి ఒక్కో చుక్క దవడ అంచున రాసుకుని, ట్యూబులైటు నమ్మక, రోడ్డు మీదకి వెళ్లి ఎండలో చేతి అద్దం పట్టుకుంది. ఏ చుక్క కనపడకుండా పోయిందో ఆ సీసా కొంది. ఇంట్లో వేలికొనతో పల్చగా అద్దింది, మంగు మీద మాత్రం ఇంకో చుక్క. పెదాలకి మాత్రం ఏమీ రాయలేదు. అద్దంలో ఆవిడే ఉంది, కంటినిండా నిద్రపోయి లేచినట్టు.

ఆదివారం వెళ్లి ముందు వరసలో నిలబడింది. అమ్మగారు దగ్గరికొచ్చి రెండు బుగ్గలూ పరకాయించి చూసింది. పౌడరు లేదు కాబట్టి ఆవిడ లెక్కలో ఏమీ రాయనట్టే. వెంటనే మైకు అందుకుంది.

"దేవునికి స్తోత్రం. మన సహోదరి మంగు మాయమైంది. మన ఉపవాస ప్రార్థనకి జవాబండి ఇది. హెప్సిబా గారూ, సాక్ష్యం చెప్పండి."

మైకు చేతికొచ్చింది. ఎదురుగా ఫోన్ లైవ్. ఊఁ అంటే చాలు, ముందు వరస జన్మంతా ఆవిడదే. నిజం చెబితే లోకాశ కింద వెనక స్తంభం కూడా దక్కదు. హెప్సిబా మైకు చంకలో ఇరికించుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, చేతిరుమాలు తడిపి, కుడి బుగ్గ గట్టిగా తుడిచేసుకుంది. మంగు బయటపడింది.

"ఎక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉంది. పైన ఉన్నది గూడెంలో కొన్న క్రీము. దేవుడు చేయని పని ఆయన పేరున చెప్పలేనండి. ఆయన నాకిచ్చింది గొంతు. సాక్ష్యం కావాలంటే అది వినండి."

అని పాట ఎత్తుకుంది. ఒక బుగ్గ మంగుతో, ఒక బుగ్గ మంగు లేకుండా, ముందు వరసలో నడుమ నిలబడే పాడింది. లైవ్ నడుస్తోంది కాబట్టి ఆవిణ్ణి పక్కకి లాగే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. కోడలు పిల్ల తనంతట తనే ఓ అడుగు వెనక్కి వేసింది.

ఆరాధన అయ్యాక ఆ శుభ్రమైన ముఖాలన్నీ ఆవిణ్ణి తప్పించుకుని వెళ్లాయి. అమ్మగారు మాత్రం పక్కగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. పాటల బృందం నుంచి తీసేస్తుందనుకుని హెప్సిబా సిద్ధపడే వెళ్లింది.

అమ్మగారు గొంతు తగ్గించింది. "ఏవండీ, ఆ క్రీము నా రంగుకి ఏది సరిపోద్దండీ?"

హెప్సిబా ఆవిడ మెడ దగ్గరి గీత వంక చూసింది.

"ముందు ముఖం కడుక్కు రండి అమ్మగారూ. కింద ఏ రంగుందో చూస్తే గానీ చెప్పలేనండి. వచ్చే ఆదివారం కూడా నేను నడుమే నిలబడతాను."