సోమలింగం కాకా విప్పించిన గోనె

సోమలింగం కాకా సాధించిన మొదటి ఘనవిజయం కందిపప్పు గోనె. పంతొమ్మిది రోజులు పోట్లాడి, 2020 సెప్టెంబరులో కిరాణా కొట్టు రమణిక్‌భాయి చేత దాని మూతి విప్పించాడు. కరోనా భయానికి సూరత్ కోసాడ్ కాలనీలో సరుకంతా కిలో పాకెట్లలోకి దూరిన కాలమది. కాకాకేమో ప్లాస్టిక్ కవరు కనబడితే ఒళ్లు మండేది.

"ఏంది భాయ్, పప్పుకు గీ అంగీ ఎందుకు? దానికేమన్న సలి పెడుతుందా? జర విప్పు!"

"కాకా, కరోనా హై! లూజ్ బంద్!"

"మాస్కు నాకున్నది. పప్పుకెందుకు?"

ఆ తర్వాత విజయాలు వరుసకట్టాయి. బియ్యం దిండు గలేబులో, నూనె పెళ్లినాటి ఇత్తడి చెంబులో, బిస్కెట్లు విప్పి స్టీలు డబ్బాలో! ఒకనాడు షాంపూ పొట్లం కొట్టులోనే కత్తిరించి, అరచేతిలో పిండించుకుని, నెత్తికి రుద్దుకుంటూ ఇంటికి పరుగెత్తాడు.

"కవర్ ఇక్కడనే పడేసినవ్ గదా!" అని బేరాల్లో నేర్చిన తెలుగులో అరిచాడు రమణిక్‌భాయి.

"ఆ పాపం నీది!" అని నురగలోంచి వినిపించింది.

రోజూ కాకా వెనక నిలబడేది ఐలమ్మ. సాంచెల కార్ఖానాలో, మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి. కార్ఖానా వారానికి రెండు రోజులే నడుస్తోంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. కిలో కొనే తాహతు లేదు, పాకెట్ విప్పి పావు కిలో ఇమ్మని అడిగే నోరు లేదు. పాకెట్ పట్టుకుని, మళ్లీ పెట్టేసి, ఉత్త చేతులతో పోయేది. పైగా ఈ ముసలాయన ఆలస్యమొకటి! "నీ పంచాయితీ తెగేదాక మేం నిలబడాల్నా కాకా?" అని విసుక్కునేది. గోనె విప్పిన రోజు మాత్రం ఎవరినీ బతిమాలకుండా పావు కిలో కొంగులో పోయించుకుంది.

ఒకసారి జల్లెడ కోసం కాకా ఇంటికి వెళ్లింది. గూట్లో ఎనిమిది కందిపప్పు పాకెట్లు, తళతళలాడే ప్లాస్టిక్‌లో! లాక్‌డౌన్‌లో తెలుగు సంఘం పంచినవి.

"ఏంది చిన్నమ్మా గివి? కాకా దినాం పప్పు కొంటుండు గదా!"

కాకా భార్య సారక్క నవ్వాపుకోలేకపోయింది. "ప్లాస్టిక్ మీద పగ పాతదే బిడ్డా. గోనె విప్పాలనే పట్టు మాత్రం నీకోసమే. నువ్వు పాకెట్ పట్టుకొని మల్ల పెట్టుడు చూసిండు. ఊకె ఇస్తే నీకు నామోషీ. అందుకే భాయ్‌తోని లడాయి. మాకేమో మూడు పూటల పప్పే!"

మరుసటి ఏడు జులైలో కాకా దంపతులు ఊరికి వెళ్లారు. రమణిక్‌భాయి హాయిగా గోనె మూతి కుట్టేశాడు. తెల్లారి ఐలమ్మ వచ్చింది. కార్ఖానా మళ్లీ రోజూ నడుస్తోంది, ఇప్పుడు తనకు కిలో కొనే స్తోమత ఉంది. కానీ పక్కన, కాలనీకి కొత్తగా వచ్చిన ఒడియా ఆమె పాకెట్ వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"భాయ్, నాకు పావు కిలో కావాలె. గోనె విప్పు."

"అరే, నీకంటే కాకానే నయం! ఎప్పుడొస్తడు?"

"ఆగస్టు పద్నాలుగు, శనివారం. అందాక నేనున్న, విప్పు!"