నవనీత చెప్పిన గాలి

సర్కారు కొలువుల పరీక్షలకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో నెగ్గుకు రావాలంటే తెలివి కన్నా ముందు కూర్చోవడం తెలియాలి. పొద్దున్నే రీడింగ్ రూములో కుర్చీ పట్టినవాళ్లు చీకటి పడితే గానీ లేవరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, ఇక్కడ కూర్చుని చదివితే కరిగేది వయసు. అలాంటి పేటలో ఏ దేవుడు పడేశాడో నవనీతను, ఆ పిల్ల అరగంట కుదురుగా కూర్చోలేదు. గంటకోసారి హాస్టల్ డాబా మీదికి పోయి, ఆరేసిన బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూసి వస్తుంది.

"ఏందే, కాలుగాలిన పిల్లి తీరు తిరుగుతున్నవ్? జర కూసో," అంటుంది గదిలో తోటి పిల్ల రోజా.

"పడమర గాలి లేచిందే. చెరువు మీద మస్తుంటది," అంటుంది నవనీత, చేతిలో ఎకానమీ పుస్తకం చేతిలోనే ఉండగా.

ఆమెది మంథని పక్క పల్లె. వయసు ఇరవై ఏడు. గ్రూప్-2 రెండుసార్లు రాసి రెండుసార్లూ గడప దాకా వచ్చి ఆగిపోయింది. గురుకులంలో చదివే రోజుల్లో వేసవి శిక్షణకని హుస్సేన్‌సాగర్‌కు తెచ్చి, తెరచాప బిగించిన పలక ఎక్కించి నీళ్ల మీద వదిలారు. మిగతా పిల్లలు సెలవులయ్యాక మరిచిపోయారు. ఈమెకు మాత్రం ఆ విండ్‌సర్ఫింగ్ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడది పిచ్చి ఒక్కటే కాదు, ఆధారం కూడా. సముద్రం మీద జరిగే జాతీయ పోటీల్లో మొదటి ముగ్గురిలో నిలిస్తే, ఆటల కోటాలో ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అది లేకపోతే మళ్లీ కుర్చీయే గతి.

నేర్పిన గురువు ఎల్లేశం. చిక్కడపల్లి మనిషి. చెరువు గట్టున షెడ్డులో పలకలు బాగుచేస్తూ, వచ్చిన పిల్లలకు ఆట నేర్పుతాడు. సముద్రం మొహం ఎన్నడూ చూడలేదు, చూడలేదని దాచుకోనూ లేదు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పోటీకి ముందు ఎవరు మొదట నీళ్లలోకి పోయి వస్తారో, వాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లందరికీ గాలి చెప్పాలి. ఎంత ఉంది, ఎటు తిరుగుతోంది, ఏ తెరచాప పనికొస్తుంది, అన్నీ. "పోటీ నీళ్ల మీద చేసుకోండ్రి. గాలి అందరిది," అంటాడు. ఆ షెడ్డులో ఎంత గిట్టనివాళ్లయినా గాలి దగ్గర అబద్ధమాడరు.

కిందటేడు నవనీత మొదటిసారి సముద్రం పోటీకి పోయి తొమ్మిదో స్థానంలో వచ్చింది. చేసింది చెరువు వాళ్లు మాత్రమే చేసే తప్పు. హుస్సేన్‌సాగర్‌లో నీళ్లు నిలబడి ఉంటాయి, కాబట్టి మొహానికి ఎంత తగిలితే అంతే గాలి, చేతికి ఎంత గుంజితే అంతే బలం. అక్కడ ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట పోటీ పెట్టారు. లోపలికి పోయి చూస్తే గాలి ఉరుముతున్నట్టే ఉంది. అంత గాలికి పెద్దది ఆగదని చిన్న తెరచాప కట్టుకుంది. పందెం మొదలయ్యాక ఆ గాలి ఏమైందో ఏమో, పలక ముందుకు కదిలితే ఒట్టు. తిరిగొచ్చి ఎల్లేశానికి చెబితే, "గాలి పడిపోయిందేమో బిడ్డా," అన్నాడు పాపం. కానీ ఒడ్డున జెండా ఒక్క తీరుగానే ఎగిరిందని ఆమెకు గుర్తుంది. ఆ జెండా నెలల తరబడి నిద్ర పట్టనివ్వలేదు.

జవాబు నారాయణగూడ ఫ్లైఓవర్ మీద దొరికింది. రోజా స్కూటీ వెనక కూర్చుని పోతోంది. గాలి వెనక నుంచి కొడుతోంది, బండీ అటే పోతోంది. రోడ్డు పక్క బ్యానర్లు పటపటా కొట్టుకుంటున్నాయి గానీ భుజం మీది చున్నీ కొస కదల్లేదు.

"వెనక్కి తిప్పవే," అంది.

"పరేషాన్ చేయకు. కోచింగ్ క్లాసుకు లేటయితది."

"ఒక్కసారే, తిప్పు."

గాలికి ఎదురు పోయేసరికి చున్నీ చెంపల మీద కొట్టింది. బ్యానర్ల ఊపు మాత్రం అదే. అంతే, బోధపడింది. ఆటు పోయేటప్పుడు నీళ్లు పలకను మోసుకుని సముద్రం వైపు, అంటే అటునుంచి వీచే గాలికి ఎదురు తీసుకుపోతాయి. అందుకే లేని బలం ఉన్నట్టు తగిలింది. పోటు రాగానే అవే నీళ్లు గాలితో పాటు లోపలికి నడిచాయి, ఉన్న బలం కూడా చేతికి అందలేదు. అసలు గాలి ఎప్పుడూ జెండా దగ్గరే ఉంది. ఈ సంగతి ఎల్లేశానికి రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చినా చెప్పలేదు. కష్టపడి కనిపెట్టుకున్నది కదా, కొన్నాళ్లు తన దగ్గరే ఉండనీ అనిపించింది.

ఈ ఏడాది పోటీలకు ఆ షెడ్డు నుంచి ఇద్దరు పోయారు. రెండో పిల్ల తన్మయి, నారాయణగూడలో డిగ్రీ చదువుతోంది, నవనీతను సొంత అక్కలా చూస్తుంది. చివరి పందెం నాటికి నవనీత మూడో స్థానం, తన్మయి ఒక్క పాయింటు వెనక. నవనీత ముందుగా లోపలికి పోయి చూసి వచ్చింది. ఆటు పోతోంది. పాతిపెట్టిన వల గుంజల పక్కన నీళ్లు సముద్రం వైపు సుడులు తిరుగుతున్నాయి. అరగంటలో నీళ్లు పోటుకు తిరుగుతాయి. పందెమూ అప్పుడే.

తన్మయి ఎదురొచ్చింది. "గాలెట్లుందక్కా? ఇక్కడ నిలబడితే అంత లేదనిపిస్తుంది. పెద్దది కడదామనుకుంటున్న."

నవనీత పలకను ఒడ్డు మీదికి లాగింది. ఒక్క మాట చాలు, ఆ పిల్లకు సంగతి తెలిసిపోతుంది.

"లోపల గట్టిగున్నది," అంది.

అబద్ధం కాదు. చేతులకు తగిలింది తగిలినట్టే చెప్పింది. తన్మయి చిన్న తెరచాప కట్టుకుంది. నవనీత పెద్దది కట్టి, మూడో స్థానం నిలబెట్టుకుంది. తన్మయి ఏడుకు జారింది.

హైదరాబాద్‌కు రాగానే ఎల్లేశం సర్టిఫికెట్ రెండు చేతులా పట్టుకుని చూశాడు. "అందరికీ గాలి చెప్పినవా, బిడ్డా?" అన్నాడు, ఊరికే, అలవాటు కొద్దీ.

"చెప్పిన," అంది నవనీత. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకపోయినా, "ఉన్నది ఉన్నట్టే చెప్పిన," అని కలిపింది.

ఇక చూడాలి అవస్థ. అప్లికేషన్ నింపడానికి కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. చెరువు వైపు పోతే ఎల్లేశం, పోకపోతే డాబా మీద బట్టలు. వారం తర్వాత ఉండబట్టలేక నారాయణగూడ పోయి, కాలేజీ గేటు ముందు తన్మయిని పట్టుకుంది.

"షెడ్డుకు ఎందుకొస్తలేవు?"

"బంద్ చేసినక్కా." తన్మయి మొహమాటంగా నవ్వింది. "గాలి గట్టిగున్నదని నువ్వు మంచిగ చెప్పినవ్. నా చేతులకే తెలుస్తలేదు. నువ్వు పెద్దది కట్టినవంటే అది నీ బలం. నాకేమో అంత గాలి ఉండి కూడా చిన్నదాన్ల దొరకలే. ఆ మాత్రం తెల్వనోళ్లకు ఈ ఆటెందుకు?"

పక్కనుంచి బస్సు పోయేదాకా నవనీత ఆగింది.

"నీకు సరిగ్గనే తెలిసింది, తన్మయీ. పోటు తిరిగితే గాలి చేతికి రాదని నాకు ముందే ఎరుక. పెద్దదే కట్టాలె. కావాలనే చెప్పలే."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"అంటే ఒడ్డు మీద నేననుకున్నదే కరెక్టా అక్కా?"

"కరెక్టే."

ఆ పిల్ల మొహం విప్పారింది. "నాకు తెలుసక్కా. జెండా చూసి అట్లనే అనుకున్న. నువ్వు చెప్తున్నవ్ కదా అని మార్చిన," అంటూ నవనీత చెయ్యి పట్టుకుంది. ఇంకేమీ అడగలేదు. ఆ సంతోషం ముందు నిలబడటం కన్నా నలుగురిలో చెంపదెబ్బ తినడం నయమనిపించింది నవనీతకు.