రెండు కళ్ల పంచాయితీలో నా పెద్దరికం

మా మేనకోడలి పరిశోధనను నేను ఒక్క సలహాతో తలకిందులు చేశాను. అంత పని ఖమ్మంలో ఇంకెవరివల్లా అయ్యేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

పోయిన వేసవిలో ఆ పిల్ల యూనివర్సిటీ నుంచి ఒక పెట్టె మోసుకొచ్చి, ఖానాపురం హవేలిలో మా ముందుగదిలో పెట్టింది. లోపల అద్దాలు. ముఖం ఆనించి చూస్తే ఎడమ కంటికి ఎర్ర చారలు, కుడి కంటికి ఆకుపచ్చ చారలు. కళ్లు రెండూ చెరో బొమ్మ చూపిస్తే మెదడు దేన్ని చూస్తుందన్నది ఆమె ప్రశ్న. ఎరుపు కనబడితే ఒక బటన్ నొక్కాలి, ఆకుపచ్చైతే రెండోది, కలగలిసి కనబడితే మూడోది. యాభై దాటినవాళ్లు కావాలి. వేసవి సెలవులు ముగిసేలోగా ఆ ఫలితాలు ఇవ్వకపోతే చదువు ఏడాది వెనక్కిపోతుంది.

మనుషులను తెచ్చే బాధ్యత నాది. నాకు జాకెట్టు ముక్కల కొట్టుంది. బజారంతా నా మాట వింటుంది, లేదా విన్నట్టు నటిస్తుంది.

ముందు నేనే కూర్చున్నాను. కాసేపు నిండా ఎరుపు. ఉన్నట్టుండి అది మాయమై నిండా ఆకుపచ్చ. మళ్లీ ఎరుపు. ఈ వరస నాకు నచ్చలేదు. పెళ్లి బట్టలకు టేకులపల్లి నుంచి వచ్చిన అత్త ఎరుపంటే, కోడలు ఆకుపచ్చంటుంది. ఇద్దరి చేతుల్లో రెండు రంగులూ మెరిసే డబుల్ షేడ్ ముక్క పెట్టి, నవ్వుతూ పంపే వంశం మాది. బేరం ఎక్కడ మొదలైనా నడుమనే తెగాలి. అలాంటిది నా సొంత కళ్లే రాజీకి రాకపోతే ఇంటి పరువేం కాను? మూడో బటన్ మీద పెట్టిన వేలు తీయలేదు.

అంతటితో ఆగితే నేనెందుకవుతాను? పంపిన ప్రతివాళ్ల చెవిలోనూ వేశాను: "ఏది కనబడ్డా మూడోదే నొక్కుండ్రి. ఎవరితోని లొల్లి ఉండదు, జల్దీ అయిపోతది."

బజారంతా ఆపా అని పిలిచే గాజుల కొట్టామె ఒక్కతే నవ్వింది. "నీ మాట విని నేనెప్పుడు బాగుపడ్డనే? నా కండ్లు ఏం జెప్తే గదే నొక్కుత."

ఒకనాడు మేనకోడలు కంప్యూటర్ ముందు నుంచి పిలిచింది.

"అత్తా, నడుమ నడుమ రెండు కండ్లకూ ఒక్కటే బొమ్మ చూపెట్టిన. ఉత్త ఎరుపు. ఎవరు చూడకుంట నొక్కుతున్నరో దొరకాలని. అప్పుడు గూడ నువ్వు మూడోదే నొక్కినవ్."

"అండ్ల జెర పచ్చ గూడ ఉండె బిడ్డా."

"లేదత్తా. ఆపా తప్ప అందరూ గట్లనే నొక్కిండ్రు. ఏం జెప్పినవ్ వాళ్లకు?"

చెప్పాను.

"కండ్లు బేరం ఆడవత్తా. ఒకదాని వంతు అయినంక ఇంకోదాని వంతు. కలిసేది ఏదో కొంచెంసేపు. ఆ వంతు ఎప్పుడు మారుతదో చూసేదే నా పని."

తిడితే సర్దిచెప్పేదాన్ని. ఆ పిల్ల ముఖం అటు తిప్పుకుని పెట్టె మీద గుడ్డ కప్పింది.

ఒకసారి నేర్పి పంపిన మనుషులు మళ్లీ పనికిరారట. కొత్తవాళ్ల కోసం పక్క బజార్లు తిరిగాను. ఈసారి "కనబడ్డదే నొక్కుండ్రి" అని తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. నాకు అదొక ఉపవాసం.

ఇక ఆఖరి లెక్క. మొదటి విడతలో నిలిచింది ఆపా ఒక్కతే. కొత్తవాళ్లు దొరికారు గానీ గడువులోగా చాలలేదు. మేనకోడలికి ఏడాది పోయింది. గడువు పెంచని ఆమె గైడు మొండివాడని, బజారువాళ్లు మందమతులని రాయబోయి కొట్టేశాను. ఆ ఏడాది మొత్తం నా పద్దే.