ముంగిసకు ఫోటో తీసిన మా జహాజీ అన్న

మా జహాజీ అన్న పోయాడని మొన్న టాబియా నుంచి కబురొచ్చింది. గిర్మిట్ కూలి ఒప్పందం ఐదేళ్లూ ముగించుకుని వేసుకున్న సొంత గుడిసెలో, నిద్రలోనే పోయాడట. ఏడ్చాను. అయినా మనసు తేలిగ్గానే ఉంది. ఎందుకో చెబుతాను.

ఒకే ఓడలో వచ్చినవాళ్లం జహాజీలం. ఇక్కడ అంతకన్నా దగ్గరి చుట్టరికం లేదు. చెరకు తోట కూలి లైన్లో మావి పక్కపక్క గదులు. మా చేత పని చేయించే కొలంబరు దొర తన దేశం వెళ్లిపోతూ వదిలేసిన కెమెరా పెట్టె ఒకటి అన్న దగ్గర ఉండేది. అక్కడ ఉడుతలున్నాయా అని విజయనగరం వైపు నుంచి తల్లి ఉత్తరం రాయించింది. ఈ దీవుల్లో ఉడుత అన్నదే లేదు. సరే, ముంగిసనైనా ఫోటో తీసి పంపుదామనుకున్నాడు.

"ఇదీ జహాజీయే చెల్లీ, మనలాగే ఓడెక్కొచ్చింది. చెరకులో ఎలకలు పట్టే టాస్కు దీంది," అనేవాడు.

పని లేని ఆదివారాల్లో చెరకాకుల చెత్తలో బోర్లా పడుకుని, ఎదురుగా ఎండుచేప తల పెట్టి కాచుకునేవాడు. చీమలు కుట్టినా కదిలేవాడు కాదు. ఆరు ఆదివారాలకు ఆరు ఫోటోలతో రీలు నిండింది.

ఆయన ఏటికి స్నానానికి వెళ్లినప్పుడు, ముంగిస ఎలా పడిందో చూద్దామని నేను పట్టపగలు పెట్టె తెరిచాను. చుట్ట కొంచెం లాగి చూశాను కూడా. ఏమీ కనబడక మూసేశాను. కడగడానికి సూవా పట్నం పంపిన ఆ రీలు, వెలుతురు తగిలి చెడిపోయి, ఒక్క బొమ్మా లేకుండా తిరిగొచ్చింది.

"ఎండెక్కువైపోనాదేమో," అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం నుంచి రొట్టె, చట్నీ పట్టుకెళ్లి ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. రెండో రీలు బాగా వచ్చింది. ముంగిసలు మన ఊళ్లోనూ ఉన్నాయి కదరా, ఉడుతేదీ అని తల్లి జవాబు. పడీపడీ నవ్వాడు. నేను మాత్రం రొట్టెలు మానలేదు, నిజమూ చెప్పలేదు.

కిందటి నెల ఆయన మంచాన పడ్డాక ఓ ఆదివారం టాబియా వెళ్లి, కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

"నాకెరికేనే చెల్లీ. పెట్టె కొక్కెం తిరగేసెట్టీసినావు గదా."

"మరి అప్పుడే అడగలేదేం అన్నా?"

"అడిగీసుంటే ఆదివారం వచ్చీదానివా?" అని నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పీసినావు. మరి రావేటి?"

వస్తానన్నాను. ఇంకో మూడు ఆదివారాలు వెళ్లాను. ఆఖరిసారి నేను చెరకు మళ్లు దాటేసరికి, లేవకూడని మనిషి లేచి గుమ్మంలో కూర్చుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నేను వచ్చే దారికేసి చూస్తున్నాడు.