అమెరికాకి రిలీజ్ అడిగిన రోజు

అప్పటికే చెయ్యి ఎత్తేశాను. దించుదామనుకునేలోపే మైకు చేతిలోకి వచ్చేసింది. హాలంతా తలలు తిప్పి నన్నే చూస్తోంది. గరిటె పట్టే చేతికి మైకు దొరికితే ఎంత ఘోరం జరుగుతుందో చెబుతాను వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అరబ్బు దేశంలో, బౌషర్ అనే చోట ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పనిచేస్తున్నాను. మేడమ్ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మాయి పింకీ ఐదో తరగతి. నా చేతి ముద్ద తప్ప తినేది కాదు, నా కథ వినందే నిద్రపోయేది కాదు. అలాంటి పిల్లని పైఅంతస్తు నీలిమా మిస్ ట్యూషన్ పేరు చెప్పి లాగేసుకుంది! అన్నం కలిపితే "మిస్ దగ్గర శాండ్‌విచ్ తినేశా" అంటుంది. కథ మొదలెడితే "ఇది మిస్ చెప్పేసింది" అంటుంది. నా కడుపులో మిరపకాయ బజ్జీలు వేగుతున్నట్టుండేది.

ఒకరోజు ఏదో గొణుక్కుంటూ తిరుగుతోంది.

"ఏంటే అది?"

"స్కూల్లో డిబేట్ అక్కా. అమెరికా గురించి. నీకు తెలీదులే."

"నాకు తెలీనిది మీ మిస్‌కి తెలుసేంటి? చెప్పవే!"

"బ్రిటన్‌లో రాజుంటాడు. సముద్రం అవతల అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఆయన మనుషులే. వాళ్ళ మీద పన్నులేస్తాడు, టీ మీద కూడా. కానీ వాళ్ళని ఒక్క మాట అడగడు. వాళ్ళేమో విడిపోతామంటారు."

"రాజు కుదరదన్నాడా?"

"ఆఁ."

"ఓస్, ఇంతేనా! రిలీజ్ అడిగారు, అర్బాబ్ ఇవ్వనన్నాడు!"

ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటాం. ఒకప్పుడు ఆయన రిలీజ్ కాగితం ఇస్తేనే ఇంకోచోట పనికి చేరేవాళ్ళు. రూవి బజారులో ఏ టీకొట్టు ముందు నిలబడినా అదే గోల వినపడేది. అమెరికావాళ్ళు కూడా మనలాంటివాళ్ళేనన్నమాట అని జాలి పొంగిపోయింది నాకు.

పింకీ ఏ పక్షమో మాత్రం అడగలేదు. న్యాయం అంత కళ్ళకు కట్టినట్టు కనబడుతుంటే నా బంగారుతల్లి అటువైపు కాక ఇంకెటు ఉంటుంది?

డిబేట్ రోజు మేడమ్ పక్కన, నేను కూర్చోవాల్సిన కుర్చీలో, నీలిమా మిస్ కూర్చుంది. నేను వెనక వరుసలో. పింకీ బంగారు కాగితం కిరీటం పెట్టుకుని వచ్చింది. నా కళ్ళకి అది రోజూ మహారాణే కదా, కిరీటం చూసి నాకేమీ అనుమానం రాలేదు. అంతా ఇంగ్లీషే. పిల్ల ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా, నేను చేతులు కలిపేలోపే మిస్ చప్పట్లు కొట్టేస్తోంది.

పెద్దవాళ్ళు కూడా ప్రశ్నలు అడగొచ్చని టీచరు హిందీలో చెప్పింది. మిస్ చెయ్యి కదిలింది. నాది ముందు లేచింది!

మైకు పట్టుకుని, నాకొచ్చిన హిందీలో అందుకున్నాను. "రాజు తరఫువాళ్ళని అడుగుతున్నా. వాళ్ళ చేత పని చేయించుకుంటారు, వాళ్ళ డబ్బే తింటారు, తాగే టీ మీద కూడా పన్నేస్తారు. మాట మాత్రం అడగరు. పోతామంటే రిలీజ్ ఇవ్వరు. ఇదేం అర్బాబ్‌తనం?"

హాలు దద్దరిల్లిపోయింది. వెనకనుంచి డ్రైవర్ల ఈలలు. పెళ్ళిపీటల మీద కూర్చున్నదానిలా తల కొంచెం వంచి, మిస్ వైపు ఓరగా చూశాను.

స్టేజి మీద పింకీ లేచింది. కిరీటం ముక్కు మీదకి జారింది.

"అక్కా... రాజుని నేనే."

పాపం, ఆ పైన ఒక్క ముక్క పెగల్లేదు దానికి. కప్పు అమెరికా పట్టుకుపోయింది.

ఇంటికొచ్చాక మేడమ్ బీరువా తెరిచి నా పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా దగ్గర నీకేం ఇబ్బందో నాతో చెప్పొచ్చు కదా దుర్గా! అంతమందిలో అడగాలా? వెళ్తానంటే నేను ఆపను."

"అయ్యబాబోయ్! నేనడిగింది అమెరికాకండి, నాక్కాదండి!"

లోపల్నుంచి పింకీ అరిచింది. "వెళ్ళనీ మమ్మీ! నాకు నీలిమా మిస్ ఉంది!"

మేడమ్‌కి నవ్వాగలేదు, కుర్చీలో కూలబడిపోయింది. నాకు మాత్రం ఆ మాట పెనం మీద నీళ్ళచుక్కలా చుర్రుమంది. స్టవ్వు మీద చెయ్యి పెట్టి (ఆర్పిన స్టవ్వేలెండి) ప్రమాణం చేశాను: రాజులకీ ప్రజలకీ తగాదా వస్తే ఇక తల దూర్చను. దూర్చినా, మా పిల్ల ఎటువైపుందో కనుక్కోకుండా మైకు ముట్టను. ఇది సత్యం, సత్యం, సత్యం.

మర్నాడు పొద్దున్నే పాస్‌పోర్టు నా పెట్టెలో దాచుకున్నాను. చేతికొచ్చిన స్వతంత్రాన్ని వెనక్కిచ్చేంత పిచ్చిదాన్ని కాదు. తర్వాత మాటలు మానేసిన పింకీని నా ముందు కూర్చోబెట్టుకుని, మిస్‌లా విరబోసుకున్న ఆ జుట్టంతా నూనె పట్టించి, బిగించి రెండు జడలు వేశాను.

"అబ్బా! నొప్పి!" అంది. నాతో మళ్ళీ మాట్లాడిన మొదటి మాట అదే.

"ఓర్చుకోండి రాజుగారూ" అని రిబ్బనుకి ఇంకో ముడి వేశాను.