సమ్మె దుప్పటికి సబ్బు పెట్టిన ఘనత

మా గోదావరిఖనిలో ఒక సమ్మెను ఆనవాలు లేకుండా తుడిచేసిన ఘనత మేనేజర్లది కాదు, పోలీసులది కాదు. నాది. అదీ ఒక్క సబ్బుబిళ్లతో!

డెబ్బైల నాటి మాట. డిగ్రీ కాగానే ఒక మ్యూజియంలో పని నేర్చుకోవడానికి చేరాను. బొగ్గుబాయి కార్మికుల పోరాటాల మీద మా ఊరి క్లబ్బు హాల్లోనే ప్రదర్శన. దాని ప్రాణమంతా ఒక తెల్ల దుప్పటిలో ఉంది. పాత సమ్మెలో సంతకం రాని కార్మికులు మసిచేతులు అద్దిన దుప్పటి అది. "అంచు చినిగింది, కుట్టుకొని రామ్మా" అని మ్యూజియం సారు నా చేతిలో పెట్టారు.

ఇంటికి తెచ్చి నల్లా దగ్గర కూర్చున్నాను. అక్కడే కలలోకి జారాను. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తున్నారు. "ఈ దుప్పటిని కాపాడిన అమ్మాయెవరు?" అంటున్నారు. నేను మబ్బు మీద కాలు మీద కాలేసుకుని ఢిల్లీ పోతున్నాను. మబ్బు మెత్తగా, చల్లగా, నురగలా ఉంది...

నురగే! బాయి నుంచి వచ్చిన బట్ట గడప దాటకముందే తొట్లో పడాలన్నది మా ఇళ్ల శాసనం. రోజూ నాన్న బట్టలుతికే చేతులు నన్నడగకుండానే పని కానిచ్చాయి.

తెల్లారి సారు దుప్పటి విప్పి, "చేతులేవమ్మా?" అన్నారు.

"మురికే పోయింది సార్, పోరాటం పోలేదు." (నోరు మాత్రం అప్పుడూ ఇంతే.)

"అద్దినవాళ్లు ఇప్పుడొస్తున్నారు. ఏం చూపిస్తావు? రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

"మళ్లీ అద్దిస్త సార్! సముద్రంల ఉప్పుకు, గోదావరిఖనిల మసికి కరువా?"

కరువే వచ్చింది. అందరూ తలంటుకుని, పౌడరేసుకుని, ఇస్త్రీ చొక్కాల్లో పెళ్లికొడుకుల్లా దిగారు.

"కాకా, చేతులేంది గిట్ల మెరుస్తున్నయి?"

"ఎగ్జిబిషన్‌కు మసిచేతులతోని వస్తరా బిడ్డా? రెండుసార్లు సబ్బు వెట్టిన" అన్నాడు రాజయ్య కాక.

నా సంగతి తెలిసి అప్పుడే అమ్మ ఉరుకుతూ వచ్చింది. బొగ్గుపొయ్యి ఆర్పి, చేతులు కూడా కడుక్కోలేదు.

"జరుగుర్రి, నేనద్దుత."

"వదినె, గది సమ్మె చేసినోళ్ల దుప్పటి."

"మీరు బాయి బందు వెట్టిన్రు. నేను పొయ్యి బందు వెట్టిన్నా రాజయ్యా? వెడితే మీ సమ్మె ఎన్ని రోజులు నడుస్తుండె?"

అమ్మ దుప్పటి నడిమధ్యన అరచెయ్యి అద్దింది. తర్వాత ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తన మసే పూసి అద్దించింది. సారు ఆ నడిమి చెయ్యి అందరికీ కనబడేలా దుప్పటిని గోడకు తగిలించారు. నా ఉద్యోగం ఊడలేదు.

ఆ రోజే ప్రమాణం చేశాను: ఈ జన్మలో చరిత్రకు సబ్బు పెట్టను. బాయిలో పనిచేసే మా ఆయన బట్టలు కూడా చరిత్రేనని పెళ్లిరోజే చెప్పేశాను.

పాపం, రిటైరయినా ఉతుక్కుంటూనే ఉన్నాడు.