కట్టు విప్పిన మా అవ్వ

నా చిన్నప్పుడు మేము ఉదయగిరిలో ఉండేవాళ్ళం. మా నాయన కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఒకసారి కొండ దిగువ నుంచి కర్ర తెస్తుండగా బండి చక్రం ఆయన కాలి మీదుగా పోయింది. మోకాలి కింద ఎముక విరిగి, కండ నలిగి, చర్మం చీలింది. కట్లు కట్టే పెద్దాయన వచ్చి ఆకుపసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. గాయానికి గాలి సోకకూడదని మా వైపు గట్టి నమ్మకం. గడువు తీరేదాకా ఆ కట్టును ఎవరూ ముట్టకూడదు.

గడువు ఇంకా చాలా ఉండగానే నాయనకు జ్వరం కాసింది. మా చర్చి సంఘమంతా ఇంట్లో చేరి మోకరించింది. మా అవ్వ, నాయనను కన్నతల్లి, ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు బైబిలు వాక్యం చెప్పేది. ప్రార్థనంటే ఆమెకు ప్రాణం. అలాంటి మనిషి ప్రార్థన సాగుతుండగానే లేచి నాయన కాలివేళ్ళు పట్టి చూసింది. గరిటెలు చెక్కే కత్తి తెచ్చి కట్టు కోయడం మొదలుపెట్టింది.

"ప్రార్థన మధ్యలో ఏందమ్మా ఇది? గాలి సోకితే కాలు పోతాది," అన్నారు పాస్టరుగారు.

"వేళ్ళు నల్లబడి చల్లంగా ఉండాయి అయ్యా. ఇంక పొయ్యేదానికి ఏముండాది? మంటిబొమ్మకి దేవుడు ఊపిరి ఊదినాడని మొన్న ఆదివారం మీరే చెప్పినారే. గాలంటే అంత భయమేంది?" అంది అవ్వ. "ప్రార్థన ఆపబాకండి. బస్సెక్కి చేసుకోండి."

నాయనను మంచంతో సహా మోసుకెళ్ళి ఆత్మకూరు బస్సులో పడుకోబెట్టారు. పాస్టరుగారు నిజంగానే ఎక్కారు, దారి పొడుగునా ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు చచ్చిన కండ కోసేసి, గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచారు. బిగించిన కట్టు కింద నెత్తురు ఆడక, గాలి అందక కండ కుళ్ళుతోందని, ఇంకాస్త ఆలస్యమైతే కాలు తీసేయవలసి వచ్చేదని చెప్పారు. రెండు వేళ్ళు పోయాయి. కాలు దక్కింది. ఎముక అతికాక నాయన అదే కాలితో కర్రను అదిమిపట్టి మళ్ళీ గరిటెలు చెక్కాడు.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఇలా నలిగిన కాళ్ళు దక్కడానికి, మనిషిని మూసిన గదిలో పడుకోబెట్టి, గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పిస్తారట. నలిగిన కండ దాకా ప్రాణవాయువు చేరాలట. మా మనవడు చెబుతుంటే నాకు అవ్వే గుర్తొచ్చింది. ఆనాడు మాకు అలాంటి గది లేదు. అవ్వ ఉండేది.

ప్రార్థన మీద నా విశ్వాసం ఆ రోజు తగ్గలేదు, పెరిగింది. జబ్బుపడ్డ వాళ్ళ కోసం ఎవరింటికి ప్రార్థనకు వెళ్ళినా, ముందు దుప్పటి తొలగించి పాదాలు ముట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే మోకరిస్తాను. చల్లగా ఉంటే ముందు ఆటో పిలిపిస్తాను.